ఇంట్లో చూసిన సినిమా గురించి ఎలా మాట్లాడుకోవాలి? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఇటీవల ఇంట్లో చూసిన సినిమాలు, సీరియళ్లు, సిరీస్‌ల గురించి మీ అభిప్రాయాలు రాయమని గత సంచికలో కోరాం. వరంగల్ నుంచి గోదావరి తీరం వరకు చాలా ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అభిప్రాయాలతో పాటు, ఆ అభిప్రాయాల వల్ల ఇంట్లో పుట్టిన చిక్కులు కూడా ఉన్నాయి. ఇంటి విషయాలు కనుక ఎవరి పేర్లూ వేయడం లేదు. ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: ఆదివారం రాత్రి అందరం కలిసి సినిమా చూడటం మా ఇంట్లో అలవాటు. ఈ మధ్య ‘బలగం’ మళ్లీ పెట్టుకున్నాం. చివరి పాట వచ్చేసరికి నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి మాత్రం ‘మరీ నెమ్మదిగా ఉంది, సగం తీసేయొచ్చు’ అన్నాడు. పిట్ట ముట్టడం (దినాల నాడు పోయినవారికి పెట్టిన అన్నాన్ని కాకి వచ్చి తినడం) చుట్టూ కథ అల్లడమంటే మూఢనమ్మకాన్ని పెంచడమేనని కూడా వాదించాడు. నాకు సినిమా బాగా నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందో చెప్పలేక ఊరుకున్నాను. ఒకే గదిలో ఒకే సినిమా చూసినవాళ్ల మధ్య ఇంత తేడా ఎందుకు వస్తుంది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల

జవాబు: అయ్యా, మీ అబ్బాయి అన్న రెండు మాటలూ వేరువేరు. వాటిని విడదీస్తేనే జవాబు దొరుకుతుంది.

ముందు ‘నెమ్మది’ సంగతి చూద్దాం. వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన ఈ సినిమాలో కొమురయ్య తాత చనిపోయిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది. అక్కడి నుంచి మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అంటూ దినాల లెక్కతోనే కథ నడుస్తుంది. చావు జరిగిన ఇంట్లో కాలం ఎలా కదులుతుందో అలాగే కదులుతుంది. వచ్చినవాళ్లు కూర్చుంటారు, వండుతారు, పాత మాటలు తవ్వుకుంటారు, అలుగుతారు. విస్తరిలో నల్లి బొక్క (మూలుగ ఉన్న ఎముక) వేయలేదని ఇరవై ఏళ్లుగా అత్తవారింటి గడప తొక్కని అల్లుడి కోపం దూరం నుంచి చూస్తే నవ్వులాటగా కనిపిస్తుంది. మన వైపు పెళ్లి విందులో అల్లుడి విస్తరిలో ఏ ముక్క పడిందో ఊరంతా చూస్తుందని తెలిసినవారికి ఆ కోపం వెనుక ఉన్న అవమానం అర్థమవుతుంది. ఇటువంటి చిన్న చిన్న విషయాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటేనే చివరి పాట బరువు తెలుస్తుంది. థియేటర్ చీకట్లో కదలకుండా కూర్చున్నవారికి ఆ బరువు తానుగా పేరుకుంటుంది. ఇంట్లో మధ్యలో ఫోన్ మోగుతుంది, ఎవరో తలుపు కొడతారు, నీళ్ల కోసం లేస్తాం, చేతిలోని ఫోన్‌లో మరొకటి చూస్తుంటాం. అలా చూసిన సినిమాలో సన్నివేశాలన్నీ కనిపిస్తాయి కానీ వాటి మధ్య ఉన్న ముడి తెగిపోతుంది. అందువల్ల సినిమా సాగుతున్న సమయంలో చేతిలో ఫోన్ ఉందా అని మీ అబ్బాయిని నిందించే గొంతుతో కాకుండా మామూలుగా అడగండి. ఉందంటే, అతను ‘నెమ్మది’ అన్నది సగం సినిమా గురించి, సగం ఆ సాయంత్రం గురించి.

అయినా అతని మాటలో నిజం లేకపోలేదు. పెళ్లి కట్నంతో అప్పులు తీర్చుకోవాలని చూసే మనవడు సాయిలు తిప్పలు మొదటి భాగంలో కొంత సాగినట్లే మాకూ అనిపించింది. నచ్చిన సినిమాలోని లోపాన్ని ఒప్పుకున్నంత మాత్రాన ఆ సినిమా మీకు దూరం కాదు.

ఇక పిట్ట సంగతి. కర్మకాండను సినిమాలో చూపడం వేరు, దానిని నమ్మమని చెప్పడం వేరు. ఇక్కడ పిట్ట ముట్టకపోవడం వల్ల జరిగేది ఏమిటంటే, చనిపోయిన పెద్దమనిషి మనసులో ఏ కోరిక మిగిలిపోయిందో వెతుక్కుంటూ ఆ ఇంటివాళ్లు తమ తమ ప్రవర్తననే చూసుకోవలసి వస్తుంది. నమ్మకం కథకు తలుపు తెరిచింది, లోపల ఉన్నది అన్నదమ్ములు, ఆడబిడ్డ, అల్లుడి మధ్య మాటలు లేని ఏళ్లే. అయితే ఆ నమ్మకాన్ని సినిమాలో ఎవరూ గట్టిగా ప్రశ్నించరు. మీ అబ్బాయి అభ్యంతరం అదే అయితే దానికి బలం ఉంది, దానిపై మీరిద్దరూ గంటసేపు మాట్లాడుకోవచ్చు.

మీ శ్రీమతి కన్నీటి గురించి ఒక మాట. ఆ చివరి పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతానికి చెందిన బుడగ జంగాల కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. పోయినవారిని తలుస్తూ, బంధువులను ఒక్కొక్కరినీ వరుస పెట్టి పిలుస్తూ, వాళ్ల గుండెల్లో దాచుకున్నదాన్ని బయటికి తీసే ఆ గానం మన పల్లెల్లో దినాల నాడు వినిపించేదే. మీ శ్రీమతి తన పుట్టింట ఎవరో పోయినప్పుడు అటువంటి పాట విని ఉండవచ్చు. మీ అబ్బాయి వినకపోయి ఉండవచ్చు. ఒకే తెర ముందు కూర్చున్నా ఇద్దరూ వేరువేరు జ్ఞాపకాలతో కూర్చుంటారు. ఆమె ఎవరిని తలుచుకుని ఏడ్చారో ఒకసారి అడగండి, మీ అబ్బాయి కూడా అక్కడ ఉన్నప్పుడే అడగండి. ‘నాకు ఎందుకు నచ్చింది’ అన్న ప్రశ్నకు మీకు జవాబు కావాలంటే మొత్తం సినిమాను వదిలి ఒక్క సన్నివేశాన్ని పట్టుకోండి. విస్తరి పెట్టి అందరూ పక్కకు జరిగి చెట్టు వైపు చూస్తూ నిలబడిన ఘట్టం కావచ్చు, మరొకటి కావచ్చు. అక్కడ మీ చూపు ఎవరి ముఖం మీద నిలిచిందో చెబితే చాలు, అదే మీ అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మ బీడీలు చుడుతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు టీవీలో సీరియళ్లు నడుస్తూనే ఉండాలి. ఒకే మాటను నాలుగుసార్లు అనడం, ఒకే ముఖాన్ని మూడుసార్లు దగ్గరగా చూపడం నాకు భరించరానిదిగా ఉంది. ‘ఇదేం చెత్త’ అంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. అబద్ధం చెప్పి మెచ్చుకోలేను. ఏం చేయాలి? – డిగ్రీ విద్యార్థిని, కోరుట్ల

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. మీ అమ్మగారు సీరియల్ చూస్తున్నప్పుడు ఆమె చేతులను గమనించండి. ఒడిలో చాట, అందులో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు తీసుకుని, తంబాకు వేసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టేవరకు ఆమె చూపు చేతి మీదే ఉండాలి. తల ఎత్తి తెరను చూసేది బీడీకీ బీడీకీ మధ్య క్షణం మాత్రమే. అంటే ఆమె సీరియల్‌ను ఎక్కువగా చెవితోనే చూస్తోంది. ఒకే మాట నాలుగుసార్లు రావడం, పాత్రలు మనసులోని మాటను కూడా బయటికే చెప్పడం, ఉలిక్కిపడేచోట సంగీతం ఢమఢమ మోగడం తెర ముందు ఖాళీగా కూర్చున్న మీకు విసుగు. పని చేసుకుంటూ వినే మనిషికి అవి కథ చేజారకుండా పట్టుకునే ఆసరా. కూర తరిగేవారు, బట్టలు మడతపెట్టేవారు, పిల్లలకు అన్నం తినిపించేవారు రోజూ ఈ కార్యక్రమాలకు ప్రేక్షకులు. వారంలో ఒకరోజు వచ్చి పదమూడు భాగాలతో ముగిసే దూరదర్శన్ కాలపు సీరియల్‌ను ఇంటిల్లిపాదీ పని ఆపి చూసేవారు. 1995లో ఈటీవీ వంటి ఛానళ్లు వచ్చాక, ఆ తర్వాత రోజువారీ సీరియల్ స్థిరపడ్డాక, చూసే తీరుతో పాటు తీసే తీరు కూడా మారిపోయింది.

దీని అర్థం సీరియళ్లన్నీ బాగున్నాయని కాదు. కొత్త సంఘటన లేక వారాలు గడపడం, కోడలిని హింసించడమే కథగా సాగదీయడం, అపార్థాన్ని ఒక్క మాటతో తీర్చగలిగినా తీర్చకపోవడం నిజమైన లోపాలే. వాటిని ‘చెత్త’ అన్న ఒక్క మాటలో పడేస్తే మీ అమ్మగారికి వినిపించేది ‘నీ అభిరుచి చెత్త’ అని మాత్రమే. ఉదాహరణకు స్టార్ మాలో 2017 నుంచి 2023 వరకు సాగిన ‘కార్తీక దీపం’ తీసుకోండి. మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’ దానికి మూలం. నల్లగా ఉందని చిన్నచూపు చూడబడిన దీప కథ అది. ఆమె బాధ లక్షల ఇళ్లలో ఆడవాళ్లకు తమదిగా తోచింది, ఆ ఆదరణను తక్కువ చేయలేం. అయితే ఆ పాత్రలో నటికి మేకప్‌తో ముఖం నల్లగా చేసి చూపారు. నల్లటి అమ్మాయి కష్టాన్ని చెప్పే కథలో ఇది ఎంతవరకు సబబని మీ అమ్మగారిని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు మీ కంటే ఆమె దగ్గరే ఎక్కువ సమాధానాలు ఉండవచ్చు.

కొన్నాళ్లు ఆమె పక్కన కూర్చుని దారం కడుతూ వినండి. రేపు ఏమవుతుందని ఆమె అనుకుంటోందో అడగండి. ఊహించినది జరగకపోతే రచయితను ఆమే మీ కంటే గట్టిగా తిడుతుంది.

ప్రశ్న: మాటలు వినబడవు, పాటలు, ఫైట్లు వస్తే ఇల్లు అదిరిపోతుంది. రిమోట్ చేతిలో పెట్టుకుని పెంచడం, తగ్గించడమే సరిపోతోంది. మా అత్తమ్మకు వినికిడి తక్కువ. కథ అర్థం కాక ‘ఈ సినిమా బాగా లేదు’ అంటుంది. టీవీ పాడైందా, సినిమాలే ఇలా తీస్తున్నారా? – గృహిణి, నయీంనగర్, హన్మకొండ

జవాబు: మీ టీవీ పాడు కాలేదు. చాలా సినిమాల శబ్దాన్ని ఇప్పుడు 5.1 పద్ధతిలో, అంటే ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్ ఉన్న ఏర్పాటుకు తగినట్లు సిద్ధం చేస్తారు. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. పలుచని టీవీకి ఉండేవి సాధారణంగా కిందికో వెనక్కో తిరిగిన రెండు చిన్న స్పీకర్లు. ఆరు దారుల శబ్దాన్ని రెండింటిలో కుక్కేసరికి మాట సంగీతం కింద పడిపోతుంది. యాప్‌లో భాష ఎంచుకునే చోట ‘తెలుగు’, ‘తెలుగు 5.1’ అని రెండు కనిపిస్తే మొదటిది ఎంచుకోండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో మాటలను స్పష్టం చేసే ఎంపిక ఉంటుంది, దాని పేరు ఒక్కో కంపెనీలో ఒక్కో రకం. సౌండ్‌బార్ కొనే ఆలోచన ఉంటే మధ్య స్పీకర్ విడిగా ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఇదే ఇబ్బంది పెద్ద గొంతుతో కొనసాగుతుంది. తెలుగు సబ్‌టైటిళ్లు ఉన్నచోట తప్పక పెట్టండి. మీ అత్తమ్మగారు చదవగలిగితే చాలా మేలు.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. కొత్త టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములను తామే కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. దానితో లక్షలు పెట్టి తీసిన దృశ్యం కూడా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో ‘మోషన్’ అన్నదాన్ని ఆపేయండి. కొన్ని టీవీల్లో ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అని ఉంటుంది, అది పెడితే చాలు. పైనా కిందా నల్లని పట్టీలు వస్తున్నాయని చిత్రాన్ని జూమ్ చేయకండి, పక్కన నిలబడిన మనుషులు తెగిపోతారు. ఇవన్నీ సరిచేశాక అదే సినిమా మీ అత్తమ్మగారికి మళ్లీ చూపించి, అప్పుడు ఆమె ఏమంటారో మాకు రాయండి. వినబడని సినిమా మీద ఆమె ఇచ్చిన తీర్పును మేము లెక్కలోకి తీసుకోవడం లేదు.

ప్రశ్న: ‘దసరా’ ఇంట్లో చూశాను. బొగ్గు, దుమ్ము, మన యాస చూసి సంతోషించాను. కానీ మొదటి నుంచి చివరి వరకు తాగుడే. మా పిల్లలు బయట చదువుతున్నారు, అక్కడి స్నేహితులు ‘మీ దగ్గర అందరూ ఇట్లనే ఉంటరా’ అని అడుగుతున్నారట. నాకు నచ్చిందని చెప్పాలా, నచ్చలేదని చెప్పాలా? – సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: రెండూ చెప్పండి. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలన్న నియమం ఏమీ లేదు.

2023 మార్చి 30న విడుదలైన ఈ సినిమాను సింగరేణి ప్రాంతం నుంచి వచ్చిన శ్రీకాంత్ ఓదెల తీశారు. ఆ మట్టిని ఎరిగిన చేయి ప్రతి దృశ్యంలో కనిపిస్తుంది. గోడలకు, చొక్కాలకు, ముఖాలకు పట్టిన మసి రంగు పూసినట్లు కాకుండా ఏళ్లుగా పేరుకున్నట్లుంటుంది. పెద్ద హీరో సినిమాలో కథానాయకుడు ఈ యాసను మొదటి నుంచి చివరి వరకు ఏ సంకోచమూ లేకుండా మాట్లాడటం మనకు చిన్న విషయం కాదు. ఎందుకంటే ఈ భాషను హాస్యగాడికీ, రౌడీకీ కేటాయించిన సినిమాలను మనం ఏళ్ల తరబడి చూశాం.

తాగుడు దగ్గర మా అభిప్రాయం కొంత భిన్నం. కథలోని సిల్క్ బార్ కేవలం తాగే చోటు కాదు. లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో కులం నిర్ణయించే చోటు అది. సర్పంచ్ ఎన్నిక కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. కథానాయకుడు ధరణి తాగేది భయాన్ని పోగొట్టుకోవడానికి. కనుక మద్యం కథకు అవసరమే. కానీ ఊరంటేనే సీసా అన్నట్లు చూపిన చోట సినిమా అన్యాయం చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వరకు తీసుకెళ్లింది. అదే దశాబ్దపు కథలో తాగుడు మూలంగా నష్టపోయిన ఆడవాళ్ల వైపు నుంచి గట్టి గొంతు ఒక్కటైనా ఉండవలసింది. గని కార్మికుడిగా మీకు మరో లోటు కూడా కనిపించి ఉంటుంది. బొగ్గు తెర నిండా ఉంది కానీ గనిలోకి దిగే మనిషి, అతని షిఫ్టు, ఇంటి దగ్గర అతని కోసం చూసే కళ్లు కథ మధ్యలోకి రాలేదు. మీ పిల్లల స్నేహితులు అడిగిన ప్రశ్నకు ఈ మాటే జవాబుగా పంపండి: అది ఒక ఊరి కథ, మా నాన్న షిఫ్టు గురించి ఇంకా ఎవరూ తీయలేదు, అని.

ప్రశ్న: మాది దరీలు (నూలు తివాచీలు) నేసే ఇల్లు. ‘మల్లేశం’ చూసి మా నాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు, రెండోసారి పెట్టమన్నాడు. నచ్చినట్లేనా? – కొత్తవాడ, వరంగల్

జవాబు: నచ్చినట్లే. 2019లో వచ్చిన ఆ సినిమా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం జీవితం ఆధారంగా తీసినది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. సినిమాలో ఆ చేయి తిరగడాన్ని త్వరగా దాటేయకుండా చూపారు, అది మాకు బాగా నచ్చిన విషయం. చీర ఆసు వేరు, మీ దరీ మగ్గం వేరు. అయినా ఒకే కదలికను రోజంతా చేసే శరీరం నొప్పిని మీ నాన్నగారు తెర మీద గుర్తుపట్టి ఉంటారు. రెండోసారి చూసేటప్పుడు ఎక్కడ ఆపమంటారో గమనించండి. చేతనైతే ఆయన చెప్పిందంతా మీరే రాసి మాకు పంపండి. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటిని నేసే మనిషి మీద మాత్రం మంచి సినిమా ఇంకా రావలసే ఉంది.

ప్రశ్న: మధ్యలో ఆపేసిన సినిమా గురించి అభిప్రాయం చెప్పవచ్చా? – నర్సంపేట

జవాబు: చెప్పవచ్చు. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో కూడా చెప్పాలి. చూడని భాగం గురించి చెప్పకూడదు.

ప్రశ్న: పదేళ్ల బాబు, పద్నాలుగేళ్ల పాప ఉన్నారు. అందరం కలిసి కూర్చుంటే ఎప్పుడు ఏ మాట వస్తుందోనని భయంగా ఉంది. సిరీస్‌లకు సెన్సార్ లేదంటున్నారు. ఏం చూసి నిర్ణయించుకోవాలి? – మంచిర్యాల

జవాబు: థియేటర్ సినిమాలకు ఉన్నట్లు ఓటీటీ సిరీస్‌లకు ముందస్తు సెన్సార్ లేదు. అయితే 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి కార్యక్రమానికీ యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అన్న గుర్తు, హింస, బూతు, మత్తు వంటివి ఉంటే ఆ వివరం మొదట్లోనే చూపాలి. 13+ నుంచి పై వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ గుర్తు తెర మూలన కొన్ని క్షణాలే కనిపిస్తుంది కనుక ప్లే నొక్కే ముందే వివరాల పేజీలో చదువుకోండి. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కనుక చిన్నవాడి వయసును బట్టే ఎంచుకోవాలి. పాపకు తగిన 13+ కార్యక్రమాలను బాబు పడుకున్నాక ఆమెతో విడిగా చూడండి, ఆ వయసులో ఆమెకు మీతో మాట్లాడవలసినవి చాలా ఉంటాయి.

మొదలుపెట్టడానికి రెండు చెబుతాం. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్ – ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’లో తండ్రి ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. డబ్బును లెక్కపెట్టి ఖర్చు చేసే ఇల్లు అది. మీరు పెరిగిన ఇంటికీ మీ పిల్లలు పెరుగుతున్న ఇంటికీ ఉన్న తేడా గురించి మాట వస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘35 – చిన్న కథ కాదు’లో సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అడిగి లెక్కల్లో వెనకబడిన పిల్లవాడు, అతని కోసం తానూ లెక్కలు పట్టుకున్న తల్లి ఉంటారు. పిల్లవాడి ప్రశ్నను ఎగతాళి చేయకుండా చివరిదాకా పట్టించుకున్న సినిమా అది, అందుకే మాకు ఎంతో ఇష్టం. మీ పదేళ్ల బాబుతో ముందు దీన్నే చూడండి. మధ్యలో ఆపి ఏదైనా అడిగితే అడగనివ్వండి. తాళం రహస్య సంఖ్యగా మాత్రం పిల్లల పుట్టినరోజు పెట్టకండి.